మోటారు ఆగింది సరే, ఎందుకు ఆగిందో ఏ స్టార్టర్ చెబుతుంది?

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి మా మామయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, మోటారు మళ్లీ ట్రిప్ కొట్టింది." ఎందుకు కొట్టింది మామా అంటే, "ఏమో, ఎర్రలైటు వెలుగుతోంది" అన్నాడు. ఏ ఎర్రలైటు? "ఉన్నది ఒక్కటేగా!" ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఫేజు పోయినా, వోల్టేజీ పడినా, బోరులో నీళ్లు తగ్గినా, మోటారు పట్టేసినా ఆ స్టార్టర్ డబ్బాలో వెలిగేది అదే లైటు. సాయంత్రానికి ఆయన ఊళ్లో కుర్రాణ్ణి పిలిపించి, ఫేజు పోతే మోటారును ఆపాల్సిన ప్రివెంటర్ పనిచెయ్యకుండా దాని వైర్లు రెండూ కలిపేయించాడు. మోటారు హాయిగా తిరిగింది, పదకొండు రోజులు. తర్వాత వైండింగ్ షాపుకు వెళ్లింది.

ఆయన్ని నేనేమీ అనలేదు. మడి ఎండుతుంటే, ఎందుకు ఆపుతోందో చెప్పకుండా ఆపే డబ్బాని ఎవరు మాత్రం ఎన్నాళ్లు భరిస్తారు? అందుకే స్టార్టర్ ఏది కొనాలని ఎవరడిగినా నేను రక్షణల లిస్టు కంటే ముందు, ఆపినప్పుడు కారణం చెబుతుందా, చెబితే ఎవరికి చెబుతుంది అని చూడమంటాను. కారణం చెప్పని రక్షణని పీకేసేది మనమే.

ఇక్కడ రాసేది 3 నుంచి 15 హెచ్‌పీ దాకా త్రీఫేజ్ బోరు మోటార్లున్న వాళ్ల కోసం. ఇంటి మీద ట్యాంకు నింపే సింగిల్ ఫేజ్ మోటారు సంగతి వేరు.

## కొనే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు, డబ్బా దేన్ని కొలుస్తోంది? వోల్టేజీనా, ఆంపియర్లనా, రెండూనా? షాపులో ఇది ఎవరూ అడగరు గానీ సగం మోటార్లు కాలేది ఇక్కడే, అందుకే దీని మీద కాసేపు ఉంటాను.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు ఎగిరిపోయిందనుకోండి. ఆగి ఉన్న మోటారైతే గుయ్‌మంటూ నిలబడిపోతుంది, స్టార్ట్ కాదు. అప్పటికే తిరుగుతున్న మోటారు మాత్రం ఆగదు, మిగిలిన రెండు ఫేజుల మీదే ఈడ్చుకుంటూ తిరుగుతుంది, ఆ రెండింటిలో ఆంపియర్లు లెక్క ప్రకారం 1.73 రెట్లకు పోతాయి. 8 ఆంపియర్లు లాగాల్సిన చోట 14 దాకా అన్నమాట. మరి స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపి పట్టుకుని ఉండే కాయిల్ ఎందుకు వదిలెయ్యదు? మన పొలం స్టార్టర్లలో కాయిల్ మామూలుగా రెండు ఫేజుల మధ్య ఉంటుంది. పోయింది మూడో ఫేజైతే కాయిల్‌కి ఆ సంగతే తెలియదు.

సరే, వోల్టేజీ చూసే ప్రివెంటర్ పెట్టాం కదా, అది పట్టుకోదా అంటారా? తిరుగుతున్న మోటారే ఆ పోయిన ఫేజులో దొంగ వోల్టేజీ పుట్టిస్తుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో పది మోటార్లు తిరుగుతుంటే అవీ తలా కాస్త కలుపుతాయి. ప్రివెంటర్ చూసేసరికి మూడు ఫేజుల్లోనూ ఎంతో కొంత వోల్టేజీ కనబడుతుంది, అంతా బాగానే ఉందనుకుని ఊరుకుంటుంది. మూడు వైర్లలో ఆంపియర్లు విడివిడిగా కొలిచే డబ్బా మాత్రం ఇక్కడ మోసపోదు, ఎందుకంటే తెగిన వైరులో ఆంపియర్లు సున్నా. కాబట్టి షాపులో మూత తీయించి చూడండి, ఆంపియర్లు కొలవడానికి వైర్లు దూర్చే సీటీ రింగులు ఎన్ని ఉన్నాయి? ఒక్కటే ఉంటే అది ఓవర్‌లోడు పట్టుకుంటుందేమో గానీ ఫేజుల తేడా దానికి తెలియదు. మూడు ఉంటే మంచిది. రెండు ఉన్నవీ వస్తాయి, మూడోది లెక్కగట్టుకుంటాయి, పర్లేదు.

పూర్తిగా ఫేజు పోకపోయినా ఇదే కథ. ఫేజుల మధ్య వోల్టేజీ తేడా ఎంత శాతం ఉంటే ఆంపియర్లలో తేడా దానికి 6 నుంచి 10 రెట్లుంటుంది. వోల్టేజీలో 2 శాతం అంటే ఎవరికీ కనబడదు, ఆంపియర్లలో 15 శాతం అంటే ఇట్టే దొరికిపోతుంది.

ఆ తర్వాత కారణం ఎలా చెబుతుందో చూడాలి. ఒకే లైటా, ఒక్కో తప్పుకు ఒక్కో లైటా, లేక తెర మీద అక్షరాలా? అక్షరాలైతే తెలుగులోనా, ఇంగ్లీషులోనా, లేక కోడ్ నంబరా? కోడ్ నంబరైతే ఆ నంబర్ల పట్టీ మూత లోపల అతికించి ఉండాలి. పుస్తకంలో ఉంటే లాభం లేదు, పుస్తకం మొదటి వానకే పోతుంది.

కరెంటు పోయి వచ్చాక కారణం గుర్తుంటుందా అనేది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. రాత్రి ట్రిప్ అయింది, తెల్లారే లోపు కరెంటు పోయి వచ్చింది, మీరు వెళ్లేసరికి డబ్బా ఏమీ ఎరగనట్టు 415 వోల్టులు చూపిస్తోంది. అలాంటి డబ్బా కొని ప్రయోజనం లేదు. కనీసం చివరి నాలుగైదు తప్పులైనా దాచుకోవాలి.

ఇంకోటి, ఆగాక మళ్లీ తనంతట తాను స్టార్ట్ అవుతుందా? ఫేజు పోయి వచ్చినప్పుడు స్టార్ట్ అయితే మేలే. ఓవర్‌లోడు మీద ఆగినప్పుడు మాత్రం మనిషి వచ్చి చూసే దాకా స్టార్ట్ కాకూడదు. రెండింటికీ ఒకే బటన్ ఉన్న డబ్బాలంటే నాకు భయం.

## అయిదు రకాలు, ఒక్క చూపులో

| రకం | ఏం పట్టుకుంటుంది | కారణం ఎలా చెబుతుంది | ఎవరికి తెలుస్తుంది | ఖర్చు |
|---|---|---|---|---|
| మామూలు స్టార్టర్, రిలే | ఓవర్‌లోడు | చెప్పదు, మీటర్లు చూసి మనమే ఊహించాలి | దగ్గరున్నవాడికి | అన్నిటికంటే తక్కువ |
| ఆటో స్టార్టర్, ప్రివెంటర్ | ఓవర్‌లోడు, ఫేజు పోవడం (కొంతవరకే) | ఒకటి రెండు లైట్లు | దగ్గరున్నవాడికి | తక్కువ |
| డిజిటల్ ప్యానెల్ | పై రెండూ, వోల్టేజీ, నీళ్లు లేకపోవడం, ఫేజుల వరస | తెర మీద, పాతవి కూడా | దగ్గరున్నవాడికి | మధ్యస్థం |
| మొబైల్ స్టార్టర్ | మోడల్‌ని బట్టి, డిజిటల్‌లో ఉన్నవే | మెసేజ్ లేదా ఫోన్‌లో మాట | ఎక్కడున్నా | మధ్యస్థం, పైగా సిమ్ రీఛార్జి |
| సోలార్ కంట్రోలర్, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డబ్బా) | అన్నిటికంటే ఎక్కువ | కోడ్ నంబరు, ఆ క్షణం కొలతలు | దగ్గర, నెట్ ఉంటే దూరం కూడా | ఎక్కువ |

## మామూలు స్టార్టర్

పచ్చ బటన్, ఎర్ర బటన్, లోపల కరెంటు కలిపే, తెంచే కాంటాక్టర్, దాని కింద రిలే. రిలేలో రేకులు వేడికి వంగి ట్రిప్ చేస్తాయి. సెట్ చేసిన ఆంపియర్లకు 1.2 రెట్లు పోతే రెండు గంటల లోపు ట్రిప్ కావాలని దాని ప్రమాణం, అంటే కొద్దిపాటి ఓవర్‌లోడు మీద చాలాసేపు ఓపిక పడుతుంది. మట్టితో పట్టేసిన బోరు మోటారుకు అంత ఓపిక పనికిరాదు, కాబట్టి క్లాస్ 10 రిలే, అంటే మోటారు పట్టేస్తే పది సెకన్ల లోపు ట్రిప్ అయ్యేది, అని అడిగి తీసుకోండి, అందులో ఫేజు తేడా పట్టే ఏర్పాటు ఉన్నవి కూడా దొరుకుతాయి.

దీనికి వోల్ట్‌మీటరూ సెలెక్టర్ స్విచ్చూ ఆంపియర్ మీటరూ బిగిస్తే, చదవడం వచ్చినవాడికి ఇదేమీ చెడ్డది కాదు. ఆంపియర్లు మామూలుకంటే బాగా తగ్గి పైపులో నీళ్లు సన్నగా వస్తుంటే బోరు తగ్గినట్టు. ఆంపియర్లు పెరిగి వోల్టేజీ 350కి పడి ఉంటే తప్పు లైన్‌ది. వోల్టేజీ బాగుండి ఆంపియర్లు పెరిగితే తప్పు కింద ఉంది. మోటారు పక్కనే రోజంతా ఉండేవాళ్లకి, రిపేరు ఊళ్లోనే అయిపోవాలనుకునే వాళ్లకి ఇది చాలు. ఏ పార్టు పోయినా మండల కేంద్రంలో దొరుకుతుంది, దొరకదేమోనన్న టెన్షన్ లేదు.

స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారును ముందు తక్కువ కరెంటుతో ఎక్కించే రకం) ఉన్నవాళ్లకి ఒక మాట. రిలే వైండింగ్ వైపు ఉంటే మోటారు రేకు (నేమ్‌ప్లేట్) మీదున్న ఆంపియర్లకు 0.58 రెట్లు సెట్ చెయ్యాలి. రేకు మీద 22 ఉంటే 12.8 దగ్గర. 22 మీదే పెట్టి ఏళ్ల తరబడి నడిపినవాళ్లని చూశాను. ఆ రిలే ఉన్నా లేనట్టే, మామూలు ఓవర్‌లోడుకు అది ట్రిప్ కాదు.

## ఆటో స్టార్టర్

కరెంటు రాగానే మోటారు దానంతట అది ఎక్కుతుంది. వేళాపాళా లేకుండా త్రీఫేజ్ వచ్చే రోజుల్లో ఇది లేకపోతే రైతుకు నిద్రే లేదు. చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకో, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్‌కో పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కానీ కాలం మారింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే అడిగింది, అవసరం లేకపోయినా మోటార్లు తిరుగుతూ భూగర్భజలం తోడేస్తాయని. ఆంధ్రలో పగటిపూట 9 గంటల సరఫరా అన్నాక అర్ధరాత్రి లేచే బాధ కొంత తగ్గింది.

దీనితో నాకున్న పేచీ వేరే. ఇది స్టార్ట్ చెయ్యడంలో తెలివైనది, చెప్పడంలో మూగది. రాత్రంతా నాలుగుసార్లు ఎక్కి దిగిందన్నది పొద్దున ఎవరికీ తెలియదు. పైగా ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పదిహేను ఆటో స్టార్టర్లు ఒకే క్షణాన ఎక్కితే వోల్టేజీ కూలిపోయి ఏదీ సరిగ్గా ఎక్కదు. ఆలస్యం టైమర్ ఉన్నదే కొని, పక్క రైతులతో మాట్లాడుకుని ఒకరిది 30 సెకన్లు, ఇంకొకరిది 60, మరొకరిది 90 అని పెట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారం ఎండేది అందరి పొలాలూ కదా.

## డిజిటల్ ప్యానెల్

నన్నడిగితే ఎక్కువమంది ఇక్కడ ఆగిపోవచ్చు. మూడు ఫేజుల వోల్టేజీ, మూడింటి ఆంపియర్లు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి, ట్రిప్ అయితే కారణం పేరు పెట్టి నిలబడుతుంది. మా మామయ్యకు రెండోసారి కొన్నది ఇదే. ఇప్పుడు ఫోన్ చేస్తే "అల్లుడూ, బీ ఫేజు 290 చూపిస్తోంది" అంటాడు, నేను "లైన్‌మన్‌కి చెప్పు మామా" అంటాను, అయిపోయింది. ప్రివెంటర్ వైర్ల జోలికి మళ్లీ పోలేదు.

ఫేజుల వరస తప్పినా ఇది చెబుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రిపేరు చేసి జంపర్లు మళ్లీ కలిపేటప్పుడు రెండు ఫేజులు అటుఇటు అయితే మోటారు తిరగబడి తిరుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. బోరు ఎండిందనుకుని కొత్త బోరు వేయించడానికి బయల్దేరినవాళ్లున్నారు, నవ్వకండి.

నీళ్లు లేకుండా తిరగడాన్ని పట్టుకునే ఏర్పాటు దగ్గర కాస్త జాగ్రత్త. చాలా ప్యానెళ్లు ఆంపియర్లు తగ్గడం చూసి నీళ్లు లేవని తేల్చేస్తాయి. నీళ్లుండగా 8, లేనప్పుడు 5 అయితే మధ్యలో గీత గీయడం తేలికే. మరి అవసరానికి మించిన హెచ్‌పీ మోటారు దించిన బోరుల్లో నీళ్లున్నా లేకున్నా ఆంపియర్లలో పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే మోటారు ఖాళీగా తిరిగినా కొంత లాగుతూనే ఉంటుంది. అక్కడ మారేది పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి పోయేది ఎంత అన్న లెక్క. కిలోవాట్లు చూసి పట్టే ప్యానెల్ దొరికితే అది తీసుకోండి, లేదంటే బోరులోకి సెన్సర్ వైర్లు దించే రకం. సెన్సర్ వైర్లకు కేసింగ్‌లో చోటుండాలి, మోటారు తీసిన ప్రతిసారీ వాటినీ చుట్టాలి, అది వేరే తలనొప్పి.

ఈ ట్రిప్పుల లెక్క ఇంకోరకంగానూ పనికొచ్చింది. మార్చిలో నీళ్లు లేక రోజుకు ఒకటి రెండుసార్లు ఆగిన మోటారు ఏప్రిల్ చివరికి ఆరుసార్లు ఆగుతుంటే బోరు ఎంత వేగంగా పడిపోతోందో చేతిలో ఉన్నట్టే. ఆ లెక్క చూసే మామయ్య రెండెకరాల వరి మానుకుని ఒక ఎకరం నువ్వులు చల్లాడు.

ఒక మెలిక చెప్పాలి. కెపాసిటర్ పెట్టి టూఫేజ్ మీద మోటారు నడిపే అలవాటున్నవాళ్లకి డిజిటల్ ప్యానెల్ నచ్చదు, దాని కళ్లకు అదెప్పుడూ తప్పే. కొన్నిట్లో టూఫేజ్ స్విచ్ ఇస్తారు. ఆ స్విచ్ వేశాక ఫేజు తేడా చూసే కాపలా లేనట్టే, మీరు మళ్లీ పాత డబ్బా దగ్గరికే వచ్చారన్నమాట.

## మొబైల్ స్టార్టర్

పొలం ఊరికి దూరం, లేదా మీరు హైదరాబాదులో ఉండి ఊళ్లో తోట చూసుకుంటున్నారు, లేదా ఇంట్లో పెద్దవాళ్లున్నారు. అప్పుడు ఇదే. మిస్డ్‌కాల్ ఇస్తే ఆన్, మెసేజ్‌తో ఆఫ్, ఏదైనా అయితే తిరిగి ఫోన్. కొన్ని తెలుగులో మాట్లాడి చెబుతాయి, చదువు రానివాళ్లకి అదే పెద్ద వరం. పూణె నుంచి నానో గణేశ్, బెంగళూరు నుంచి కిసాన్ రాజా లాంటివి చాలాకాలం కిందటే ఈ దారి తెరిచాయి, ఇప్పుడు ఊరూరా ఏదో ఒక పేరుతో దొరుకుతున్నాయి.

కొనేముందు ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. "మోటారు ఆన్ అయింది" అని మెసేజ్ వస్తుంది కదా, అది దేన్ని చూసి చెబుతోంది? చవక రకాలు తాము రిలేకి చెప్పాం కాబట్టి ఆన్ అయిందనేస్తాయి. కాంటాక్టర్ కాయిల్ కాలిపోయి మోటారు కదలకపోయినా మెసేజ్ వస్తూనే ఉంటుంది. మా ఊరి మామిడితోట ఒకటి ఇలాగే నాలుగు రోజులు తడి లేకుండా ఉంది, యజమాని ఫోన్‌లో మాత్రం రోజూ ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. ఆంపియర్లు కొలిచి, ఎన్ని పోతున్నాయో అంకెతో సహా చెప్పేదే అసలు సంగతి చెప్పినట్టు. అదైనా మోటారు తిరుగుతోందనే చెబుతుంది గానీ నీళ్లు చెట్టు మొదట్లో పడుతున్నాయని కాదు. జాయింటు ఊడి నీళ్లన్నీ డొంకలోకి పోతుంటే ఏ డబ్బాకీ తెలియదు.

రెండోది, మెసేజ్ రాకపోతే ఏమనుకోవాలి? కరెంటు లేదా, సిగ్నల్ లేదా, సిమ్ గడువు అయిపోయిందా? లోపల చిన్న బ్యాటరీ ఉన్న మోడల్ అయితే "కరెంటు పోయింది" అని చెప్పి మరీ ఊరుకుంటుంది. బ్యాటరీ లేనిదానికి అన్నిటికీ ఒకటే జవాబు, మౌనం. చాలా మోడళ్లు 2జీ మీద నడుస్తాయి, వాటిలో జియో సిమ్ పనిచెయ్యదు, ముందే చూసుకోండి. బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ నిలుస్తుందో పాత కీప్యాడ్ ఫోన్‌తో వెళ్లి చూసి ఆ సిమ్ వెయ్యండి. రీఛార్జి తేదీ మూత మీద కాదు, ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి.

## సోలార్ కంట్రోలర్, వీఎఫ్‌డీ

2019లో మొదలైన పీఎం కుసుమ్ లాంటి పథకాల్లో సోలార్ పంపు తీసుకుంటే కంట్రోలర్ దానితోనే వస్తుంది, మనం ఎంచుకునేదేమీ లేదు, చదవడం నేర్చుకోవడమే. ట్రిప్ అయిన క్షణంలో ఆంపియర్లెన్ని, వోల్టేజీ ఎంత, ఎన్ని హెర్ట్జ్ మీద తిరుగుతోంది, అన్నీ దాచిపెట్టుకునేవి వీటిలో చాలా ఉన్నాయి. చెప్పడంలో దీనికి సాటి లేదు, అర్థం చేసుకోవడంలోనే ఇబ్బంది.

సోలార్ వాళ్లు తరచూ గాభరా పడేది తప్పు కాని దానికి. పొద్దున ఏడింటికీ, మబ్బు పట్టినప్పుడూ తెర మీద ఎండ చాలదనో, నిద్రలో ఉన్నాననో చూపిస్తుంది. అది తన పరిస్థితి చెప్పుకోవడం, ఫిర్యాదు కాదు. ఎండ రాగానే దానంతట అదే ఎక్కుతుంది. అదే భూమికి లీకు అని కోడ్ వస్తే మాత్రం రీసెట్ నొక్కుతూ కూర్చోకండి, కేబుల్ జాయింటులోనో వైండింగ్‌లోనో నీళ్లు చేరాయేమో మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూపించాలి.

కరెంటు మోటారుకు విడిగా వీఎఫ్‌డీ పెట్టుకోవాలనే ఆలోచన ఉంటే, లోతు బోరుకు పొడవాటి కేబుల్ వల్ల మోటారు చివర వోల్టేజీ ఎగిసిపడి వైండింగ్ దెబ్బతింటుంది, దానికి ఫిల్టర్ ఖర్చు కలుపుకోండి. ఒకటి రెండు ఎకరాలకు నేనైతే పెట్టను.

## ఎవరికి ఏది

మోటారు పక్కనే ఉంటారు, చేతిలో డబ్బు తక్కువ అంటే, మామూలు స్టార్టర్‌కి మంచి రిలే, రెండు మీటర్లు, ఆంపియర్లు చూసే ప్రివెంటర్. ఆటో ఉందా లేదా అన్నది తర్వాత. పొలం కిలోమీటరు లోపు, రోజుకోసారి వెళ్తారు అంటే డిజిటల్, అందులో సందేహం లేదు. దూరంగా ఉంటారంటే మొబైల్, కానీ దాని వెనక ఆంపియర్లు కొలిచే ప్యానెల్ ఉండాల్సిందే. రెండూ ఒకే డబ్బాలో ఉన్నవి వస్తున్నాయి, విడివిడిగా కొని కలపడం కంటే అదే మేలు. కౌలుకు చేసేవాళ్లు విప్పి ఇంకో బోరుకు బిగించుకోగలిగే చిన్న ప్యానెల్ చూసుకోండి, గోడకు పాతిపెట్టే పెద్ద పెట్టెలు వద్దు.

ఎలక్ట్రీషియన్ బిగించాక డబ్బులిచ్చే ముందు ఒక పని చేయించండి. కరెంటు తీసి, అతని చేతే ఒక ఫ్యూజు పీకించి, మళ్లీ కరెంటు వేసి స్టార్ట్ నొక్కమనండి. డబ్బా ఏం చెబుతుందో మీరే చదవండి, ఇంట్లో ఇంకొకరి చేత కూడా చదివించండి. మోటారు తిరుగుతుండగా ఫేజు పోతే ఏం చెబుతుందో మాత్రం అతనే, కరెంటు తెంచే స్విచ్చులు (ఐసొలేటర్లు) ఉన్న చోట, చూపించాలి. మీరు చేయకండి.

మోటారు బోరులోకి దించే ముందు దాని రేకు ఫోటో తీసుకోండి, దిగాక ఆ అంకెలు మూడొందల అడుగుల కిందే ఉంటాయి. హెచ్‌పీ, ఆంపియర్లు, సెట్ చేసిన అంకె, నీళ్లు బాగా వచ్చే రోజున మూడు ఫేజుల్లో కనబడిన ఆంపియర్లు, దించిన తేదీ, ఇవన్నీ స్టార్టర్ మూత లోపలివైపు పెయింటుతో రాయించండి. మా మామయ్య వాటి కింద నా ఫోన్ నంబరు కూడా రాయించాడు.